రోడ్డు మీద తీసుకున్న సమ్మతి

న్యాయశాస్త్ర పట్టాలు అందుకున్న మీకు అభినందనలు.

2021 అక్టోబరులో హైదరాబాదులో పోలీసులు బండ్లు ఆపి, కుర్రాళ్ల ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో ‘గంజాయి’ అన్న మాట కోసం వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చాయి. ఎవరినీ బలవంతపెట్టడం లేదని, జనమే సహకరిస్తున్నారని ఒక అధికారి వివరణ ఇచ్చారు. ఆ వివరణ నన్ను ఇప్పటికీ వదలదు. బండి ఆపేశారు, చుట్టూ ఖాకీ బట్టలు, ఎప్పుడు పోనిస్తారో తెలియదు. అలా నిలబడ్డ కుర్రాడు లాక్ తీసి ఫోను చేతికిస్తే దాన్ని సమ్మతి అనగలమా? గంజాయిని అరికట్టాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ ఫోనులో వాళ్లమ్మ డాక్టరు రిపోర్టు ఉంటుంది. స్నేహితురాలు నమ్మి చెప్పుకున్న కష్టం ఉంటుంది. వాళ్ల సమ్మతి ఎవరూ అడగనే లేదు.

మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు చూపాలి. ఇప్పుడది డిజిలాకర్‌లో చూపినా చెల్లుతుంది. చిక్కు కూడా అక్కడే మొదలైంది. కాగితం అందించిన అలవాటుతో ఇప్పుడు ఫోనే అందిస్తున్నాం. తెర మీద లైసెన్సు కనబడితే ఆ సెక్షన్ కోరింది తీరిపోయినట్టే. మెసేజ్‌లు చదివే అధికారం అందులో లేదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో మన సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమంది గోప్యత ప్రాథమిక హక్కేనని ఒక్క మాటగా తేల్చారు. దాన్ని కుదించాలంటే ముందు ఒక చట్టం ఆధారం ఉండాలి. దారిన పోయేవాళ్ల ఫోన్లన్నీ తెరిపించే పని ఆ మొదటి మెట్టు కూడా ఎక్కలేదు.

ఫోను వెతకడం గురించి ఇలాంటి ప్రశ్నే అమెరికాలోనూ వచ్చింది. అక్కడ 2009లో శాన్ డియాగోలో రిజిస్ట్రేషన్ గడువు దాటిందని ఒక కారును ఆపారు. నడుపుతున్న రైలీ అనే అతన్ని ఆ తర్వాత అరెస్టు చేసి, ఫోను వెతికారు. 2014లో ఆ దేశ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పిచ్చింది: అత్యవసర పరిస్థితి ఉంటే తప్ప, అరెస్టయినవాడి ఫోనులోని సమాచారమైనా వారంటు లేకుండా చూడకూడదు. మన కుర్రాణ్ని అరెస్టు కూడా చేయలేదు, ఊరికే ఆపారు.

మీరు రేపు మేజిస్ట్రేట్లవుతారు, పబ్లిక్ ప్రాసిక్యూటర్లవుతారు, డిఫెన్సు లాయర్లవుతారు. ‘నిందితుడు స్వచ్ఛందంగా ఫోను ఇచ్చాడు’ అన్న వాక్యం మీ ముందుకొచ్చే ఫైళ్లలో కనబడుతుంది. అక్కడ ఆగండి. అప్పుడు టైమెంత, బండి తాళం ఎవరి దగ్గరుంది, ఇవ్వనని అనవచ్చని అతనికి ఎవరైనా చెప్పారా అని అడగండి. జవాబు ఫైల్లో లేకపోతే, ఆ వాక్యం రాసిన అధికారిని బోనెక్కించి అడగండి.