కుష్ఠ శబ్దము – ఒక అపోహ

మన కంది, పటాన్‌చెరు కర్మాగారములలో శ్రమించి స్వామి దర్శనమునకు వచ్చువారిలో కొందరు, మోచేతులపై తెల్లని పొలుసులు రాలు మచ్చలను కప్పుకొని వరుసలో వెనుకకు తగ్గుదురు. ఆ వ్యాధి సోరియాసిస్.

చరకసంహితలో కుష్ఠ శబ్దము 7 మహాకుష్ఠములు, 11 క్షుద్రకుష్ఠములు కలిపి 18 చర్మవ్యాధులకు వర్తించును. సోరియాసిస్‌ను ఆయుర్వేద వైద్యులు ఏకకుష్ఠముతోనో కిటిభముతోనో పోల్చుదురు. నేటి తెలుగున కుష్టు అనగా ఒకే రోగము. అదియు ఇప్పుడు మందులతో నయమగును. ఈ పదసామ్యము వలననే లేనిపోని భయము.

సోరియాసిస్ అంటువ్యాధి కాదు. శరీరపు రక్షణవ్యవస్థ దారితప్పగా, సుమారు నెలకు మారవలసిన చర్మకణములు కొద్ది దినములకే పైకి వచ్చును. ఇది అంటని దీర్ఘవ్యాధియని 2014లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానమున పేర్కొన్నది.

సమూలముగా పోకున్నను అదుపులో నుండును. లేపనములు, కిరణచికిత్స, మాత్రలు, సూదిమందులు కలవు. మెథోట్రెక్సేట్ ఈ వ్యాధికి వారమునకు ఒకమారు వాడు మందు. ప్రతిదినము మింగిన ప్రాణాపాయము. స్టెరాయిడ్ మాత్రలు హఠాత్తుగా మానిన వ్యాధి విజృంభింపవచ్చును. పేరులేని పొడులను నమ్మకుడు. అందరికీ సరిపడు పథ్యము లేదు; అధిక బరువు తగ్గించుకొనుట, మద్యధూమపానములు మానుట మేలు.

రోగపీడితులారా, చర్మవైద్యునికి దాచక చూపుడు. దాతలారా, అన్నదాన పంక్తిలో వారి ప్రక్కనే కూర్చుండుడు. తీర్థమునకు చాచిన ఏ చేయియు అపవిత్రము కాదు.

స్వస్తి.