నమూనాను ఎచ్చటనుండి చూడవలెను?



భవనములను కంప్యూటరు తెరపై రూపొందించు ఈ దినములలో అట్టతోను కొయ్యతోను నమూనాలు చేయుట యెందులకని కొందరు అడుగుచున్నారు. సమాధానము ఢిల్లీలోనే కలదు. విజయ్ చౌక్‌లో నిలిచి రాష్ట్రపతి భవనమువైపు చూడుడు. రైసినా గుట్ట వాలు అడ్డుపడి భవనములో చాల భాగము మరుగగును. పైకి నడచినకొలది మరల కన్పట్టును. ఆ వాలును శిల్పి లుట్యెన్సు ముందు అంగీకరించినవాడే. 1916 నాటికి పొరపాటు గ్రహించి, మార్పించుటకు ఎంత పోరినను ఫలింపలేదు. సహశిల్పి బేకరుతో స్నేహము కూడ చెడెను.

చిత్రమైనను, తెరపై నిశ్చల చిత్రమైనను గీసినవాడు చూపదలచిన చోటునుండియే చూపును. నమూనాచుట్టు మనమే తిరిగి చూడవచ్చును. కాని మనమేమి చేయుదుము? బల్లచుట్టు నిలిచి, గద్దవలె పైనుండి చూచి, కప్పును మెచ్చుకొందుము! (శంకుస్థాపనలలో పెద్దలు చూచునదియు అదియే.) నూరవ వంతు కొలతతో చేసిన నమూనాలో అయిదున్నర అడుగుల మనిషి ఎత్తు సుమారు 17 మిల్లీమీటర్లు. మోకాళ్లు వంచి, కన్నును ఆ మట్టమునకు దించి, వీధి చివరనుండి చూడవలెను. నేల ఎత్తుపల్లములను గూడ నమూనాలో చేర్చవలెను. అప్పుడు ఏది మరుగగునో తెలియును. అట్ట కోసి వాలు మార్చుటకు ఒక పూట చాలును.