తిరిగివచ్చు తలంపునకు తార్కాణమేది?

విదేశమున చదువగోరు విద్యార్థికి వీసా నిరాకరించు కాగితములో తరచుగా కనిపించు కారణ మిది: చదువు ముగిసిన పిదప నీవు స్వదేశమునకు మరలుదువని మాకు నమ్మకము కలుగలేదు. మనస్సులోని తలంపునకు సాక్షులను తెచ్చుటెట్లు? మందమర్రివంటి బొగ్గుగనుల ఊరివారికి ఈ ప్రశ్న మరింత జటిలము. కారణము తరువాత మనవిచేసెదను.

అమెరికావారి 1952 నాటి వలసచట్టము, 214 (బి) విభాగమున, విద్యార్థి వీసా కోరువానిని స్థిరనివాసమునకు వచ్చువానిగనే ముందు భావించును. కాదని నిరూపించు భారము అర్థిదే. ఆ నిరాకరణపై అప్పీలు లేదు. మరల రుసుము చెల్లించి క్రొత్త దరఖాస్తు పెట్టుకొనుటయే. కెనడా విషయమున, నిర్ణయము తెలిసిన 60 దినములలో అచటి ఫెడరల్ కోర్టు ననుమతి కోరవచ్చును. కోర్టు వీసా నీయదు; నిర్ణయము సహేతుకము కాదని తోచినచో మరియొక అధికారికి పంపును. ఆస్ట్రేలియా తన 'నిజమైన తాత్కాలిక ప్రవేశార్థి' నియమమును 2024 మార్చి 23న తొలగించి, 'నిజమైన విద్యార్థి' యను నియమమును పెట్టినది. పేరు మారినదిగాని అనుమానము పోలేదు.

ఇక మందమర్రి సంగతి. సింగరేణి కార్మికుని నివాసము కంపెనీ క్వార్టరు. ఉద్యోగ విరమణతో విడువవలసినది. సొంతముగా గోడలు లేపుకొన్నవారికిని రిజిస్టరు దస్తావేజు చూపుట దుర్లభము. ఆ ఊరు షెడ్యూల్డు ప్రాంతము. జనులు 'వన్ ఆఫ్ సెవెంటీ' యనెడి 1970 నాటి నిబంధన అచట గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధించుచున్నది. గిరిజనుల భూమిని కాపాడుటకు పుట్టిన ఆ నిబంధన న్యాయమైనదే. కాని దూరదేశపు అధికారికి ఆ కథ తెలియదు. ఆయనకు కనబడునది ఆస్తిపత్రము లేని దరఖాస్తు.

దళారి ప్రవేశించునది ఇచటనే. బ్యాంకులో నాలుగునాళ్లు నిలువ చూపుటకు సొమ్ము తెత్తుననును. లేని పొలమునకు విలువ కట్టింతుననును. నిరాకరణవలన పోవునది ఒక యేడు. వీసాకై బుద్ధిపూర్వకముగా అబద్ధమాడినట్లు తేలినచో అమెరికా చట్టమున కలుగునది సామాన్యముగా శాశ్వతానర్హత.

కావున ఉన్నదే చూపవలెను: తండ్రి జీతపు చీటీలు, బొగ్గుగనుల భవిష్యనిధి లెక్క, క్వార్టరు కేటాయింపు ఉత్తరువు, దస్తావేజు ఏల లేదో తెలుపు నాలుగు వాక్యములు. కెనడా కోర్టు సామాన్యముగా అధికారి యెదుట నుండిన కాగితములనే చూచును గనుక, ఆ వాక్యములు మొదటి దరఖాస్తులోనే యుండవలెను. అమెరికాకు మరల దరఖాస్తు పెట్టువారు పాత కట్టనే పంపిన ప్రయోజనము లేదు. ఈ నడుమ మారిన దేదియో చెప్పవలెను.

అన్నిటికన్న ముఖ్యము, ఆ చదువునకు ఇచట గల పని. గనుల శాస్త్రము చదువబోవు కార్మికుని బిడ్డ, మన బొగ్గుగనిలో మేనేజరగుటకు భారత ప్రభుత్వ గనుల భద్రతాశాఖవారి యోగ్యతాపత్రము కావలెనని, దానికై తిరిగివచ్చెదనని చెప్పినచో, అది అధికారి పరీక్షించి చూడదగిన మాట. కాన్సలేటు కిటికీ ముందు దొరకు వ్యవధి కొద్ది నిమిషములే. ఆ మాట మొదటనే రావలెను.