ఐర్లండు దేశపు జనన మరణ దాఖలాలు



ఈ గ్రంథాలయ రజతోత్సవమున ఉద్గ్రంథములను గూర్చి పెద్దలు ప్రసంగించిరి. జీవితమంతయు లెక్కల కట్టలు త్రిప్పినవాడను గనుక, గ్రంథములని యెవ్వరును పేర్కొనని పుస్తకములను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును. ఆదిపర్వమున రాజుల వంశక్రమము వరుసగా చెప్పబడినది. కూలివాని వంశము చెప్పు కవి యేడి? ఐర్లండు దేశమున ఆ పని ప్రభుత్వపు రిజిస్టర్లు చేసినవి. అమెరికా, ఆస్ట్రేలియాలకు వలసపోయిన ఐరిషువారి మునిమనుమలు నేడు తమ తాతముత్తాతలను ఆ పుటలలోనే వెదకుకొనుచున్నారు.

1845 మొదలు 1852 వరకు ఆ దేశమున బంగాళాదుంప పైరునకు తెగులు సోకి ఘోరక్షామము వాటిల్లినది. సుమారు 10 లక్షల మంది మరణించిరి. ఇంచుమించు అంతమందియు ఓడలెక్కి పోయిరి. అప్పటికి వారి చావు పుట్టువులను వ్రాయు ప్రభుత్వపు పద్ధతియే లేదు. 1845 ఏప్రిల్ 1 నుండి రోమను కాథలిక్కులు కానివారి వివాహములు మాత్రము నమోదగుచుండెను. దేశమున అధికసంఖ్యాకులో, కాథలిక్కులు! అందరి జనన, మరణ, వివాహములును నమోదగుట 1864 జనవరి 1 నుండి.

జనన దాఖలాలో బిడ్డ పేరు, పుట్టిన తేదీ, చోటు, తండ్రి పేరు, వృత్తి, తల్లి పేరు ఆమె పుట్టినింటివారి పేరుతో సహా ఉండును. ఇది సామాన్యమైన ఉపకారము కాదు. మన వంశవృక్షములలో ఆడుబిడ్డల కొమ్మలు ఎంత త్వరగా విరిగిపోవునో మీరెరుగుదురు. వివాహపు దాఖలాలో వధూవరుల తండ్రుల పేర్లే గాని తల్లుల పేర్లుండవు. వయస్సు చోట తరచుగా ‘పూర్ణవయస్కులు’ అని మాత్రముండును; 21 ఏండ్లు నిండినవని దాని అర్థము. మరణపు దాఖలాలో తల్లిదండ్రుల ప్రసక్తియే లేదు. కావున వెదకువారు ఒకని జననము నుండి అతని తల్లిదండ్రుల వివాహమునకు, అందుండి తాత పేరునకు, మెట్టు మెట్టుగా దిగవలెను. సమాచారమిచ్చిన తల్లి చదువురానిదైనచో సంతకమునకు మారుగా ఆమె గురుతు కనబడును.

తేదీలను మాత్రము గ్రుడ్డిగా నమ్మరాదు. గడువు దాటినచో జరిమానా పడునను భయముచే కొందరు, బిడ్డ పుట్టిన నాటికంటె తరువాతి తేదీని వ్రాయించిరి. అందుచేత చర్చి పుస్తకమును ప్రక్కన బెట్టి చూచినచో, పుట్టుటకు ముందే జ్ఞానస్నానము పొందిన శిశువులు అగుపడుదురు! లెక్కలు వ్రాసినవారికి ఇది వింత కాదు.

1922 జూన్ 30న, అంతర్యుద్ధమున, డబ్లిన్ నగరమందలి ఫోర్ కోర్ట్స్‌లోనున్న పబ్లిక్ రికార్డు ఆఫీసు ప్రేలి దగ్ధమైనది. 1821 నుండి 1851 వరకు జరిగిన నాలుగు జనాభా లెక్కల కాగితములు చాలవరకు బూడిదయైనవి. జనన మరణ రిజిస్టర్లు అచ్చట లేవు. అసలు పుస్తకములు ఆయా జిల్లాలలో, నకళ్లు జనరల్ రిజిస్టర్ ఆఫీసులో ఉండుటచే బ్రదికినవి. నకలు వ్రాయుట వ్యర్థప్రయాస యని విసుగుకొను గుమాస్తాలు ఈ సంగతి వినదగును. నేడు 100 ఏండ్లు దాటిన జననములను, 75 ఏండ్లు దాటిన వివాహములను, 50 ఏండ్లు దాటిన మరణములను ఆ ప్రభుత్వము ఇంటర్నెట్టులో ఉచితముగా చూపుచున్నది.

ఇక 1864కు ముందు పుట్టినవారి మాట. 1909 జనవరి 1 నుండి 70 ఏండ్లు నిండిన పేదలకు పింఛను ఏర్పడెను. వారికి జనన దాఖలా ఎక్కడిది? 1841, 1851 జనాభా లెక్కలలో తమ బాల్యపు వయస్సును వెదకి చూడుడని అర్జీలు పెట్టుకొనిరి. ఊరిపేరు, తల్లిదండ్రుల పేర్లు పట్టి గుమాస్తాలు వెదకి, దొరికినదానిని ఆ ఫారముల మీద వ్రాసిరి. అసలు లెక్కలు కాలిపోయినను ఆ ఫారములు వేలకొలది నిలిచి, డబ్లిన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నవి. క్షామమునకు ముందు తమ యింట ఎవరెవరుండిరో తెలుపు కాగితము కొన్ని కుటుంబములకు అదియొక్కటే. వారమునకు 5 షిల్లింగులకు మించని పింఛను కొరకు ఆ ముదుసళ్లు పెట్టుకొన్న అర్జీలవి.