ఒంటిచేతి పని నుండి ఊరూరి ఏజెన్సీ వరకు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు మమ్ములను పది నిమిషములు మాటలాడమన్నారు. మేము పండితులము కాము. మెట్రిక్కుతో చదువు చాలించి రైల్వేలో గుమాస్తాగా చేరినవారము. పంచాంగ శ్రవణము అయినది, పిల్లల నాటకము ఇంకను కావలసి ఉన్నది. ఈ నడుమ మన ఇండ్లలో జరుగుచున్న ఒక మార్పును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదము. 1966 నాటి రైల్వే సేవకుల ప్రవర్తనా నియమములనుబట్టి మేము వ్యాపారము చేయరాదు. కావున ఇది సలహాయే గాని భాగస్వామ్యము కాదని ముందే మనవి.

మనలో ఉద్యోగరీత్యా ఆంధ్రదేశము నుండి నిన్న మొన్న వచ్చినవారు ఉన్నారు. కోవిల్‌పట్టి చుట్టునున్న నల్లరేగడి పల్లెలలో తరతరములుగా ఇంట తెలుగు మాటలాడువారును ఉన్నారు. 2021లో కీర్తిశేషులైన రచయిత కి. రాజనారాయణన్‌గారు అట్టివారే. ఆయన ఊరు ఇడైసెవల్. ఇంట తెలుగు, వ్రాత తమిళము. ఈ రెండు భాషలును చేతిలో ఉండుట మన పిల్లలకు ఆస్తి. ఆ ఆస్తితో కొందరు ఇంటనే కంప్యూటరు ముందు కూర్చుండి అనువాదము, దుకాణముల లెక్కలు, పుస్తకముల పుటల కూర్పు మొదలగు పనులు పట్టి చేయుచున్నారు. దీనికి ఫ్రీలాన్స్ అని పేరు. నెలజీతము లేదు, పై అధికారి లేడు. చేసినంత పనికి డబ్బు. బెంగుళూరు పోకుండ తల్లిదండ్రుల చెంతనే ఉండి బ్రతుకవచ్చునని వీరి ఆశ. ఆ ఆశ నిలుచునా అన్నదే మా ప్రసంగ విషయము.

ఒక యువకుని సంగతి చెప్పెదము. అతడు ఈ సభలోనే ఉన్నాడు గనుక పేరు చెప్పము. రెండేండ్లు ఒంటిగా పని చేసినాడు. మంచి పేరు వచ్చినది, పని పెరిగినది. కోవిల్‌పట్టిలో ఇద్దరు గృహిణులకు, సాత్తూరులో ఒక మాజీ ఉపాధ్యాయినికి, విరుదునగరులో మరియొకామెకు పని పంచి ఇచ్చినాడు. తాను మాత్రము పని తెచ్చుటకు విరుదునగరు, మదురై, చెన్నై అని వారములో సగము దినములు రైలులోనే ఉండును. ఆ నలుగురును ప్రతి చిన్న సందేహమునకు అతనికే ఫోను చేయవలెను. బండి పొలముల నడుమ పోవునప్పుడు ఫోను అందదు. నాలుగు ఇండ్లలో పని ఆగిపోవును. మనిషి తిరుగుచున్నాడు గాని వ్యాపారము తిరుగుట లేదు.

ఇది చూచినప్పుడు మాకు మా శాఖయే జ్ఞాపకము వచ్చినది. రైలు పోని ఊళ్లకు రైల్వేలో ఔట్ ఏజెన్సీ అను ఏర్పాటు ఉన్నది. ఒక కాంట్రాక్టరుతో ఒడంబడిక వ్రాసికొని, స్టేషనుకు దూరమున ఉన్న ఊరిలోనే సరుకు బుక్ చేయుటకును, అప్పగించుటకును ఆఫీసు తెరచెదరు. స్టేషను మాస్టరు అక్కడ నిలుచుండడు. ఏ సరుకు, ఎంత తూకము, ఎవరి పేర, ఎంత కిరాయి అన్నియు కాగితము మీద ఉండును. ఆ కాగితమే అక్కడ స్టేషను మాస్టరు.

ఒంటి లైను మీది టోకెను పద్ధతియు అట్టిదే. రెండు స్టేషన్లవారు ఒకరినొకరు చూడరు. ఇటువారు అడిగి అటువారు లైన్ క్లియర్ ఇచ్చిన తరువాతనే యంత్రము నుండి టోకెను వచ్చును. అది చేతికి రానిదే డ్రైవరు బండి కదల్చడు. డ్యూటీ మారునప్పుడు దిగువారు మిగిలిన పనులన్నియు పుస్తకములో వ్రాసి సంతకము పెట్టుదురు. ఎక్కువారు చదివి సంతకము పెట్టుదురు.

ఆ యువకునికి మేము చెప్పినది ఇంతే. ప్రతి పనికి ఒక పత్రము ఉండవలెను. పని ఏమిటి, ఎవరు చేయవలెను, ఏ దినమునకు, ఎవరు సరిచూతురు, ప్రతిఫలము ఎంత, అది ఎప్పుడు ముట్టును అని అందులో వ్రాయవలెను. ఒకే తమిళ పదమునకు నలుగురు నాలుగు తెలుగు మాటలు వాడకుండ ఒక పదముల పట్టిక ఉండవలెను. సందేహము వచ్చినచో మొదట పట్టిక, తరువాత సాత్తూరు ఉపాధ్యాయిని, ఆఖరునకు మాత్రమే ఫోను. ఇప్పుడు అతడు రైలులో ఉన్నను పని నడచుచున్నది.

మన ప్రాంతమునకు ఇది కొత్త విద్య కాదు. విరుదునగరు కమిషను వ్యాపారమునకు పేరుపడిన ఊరు. సరుకు ఒకచోట, కొనువాడు ఒకచోట; నడుమ మాట నిలుపువాడే ఏజెంటు. శివకాశికి చెందిన అయ్య నాడారు, షణ్ముగ నాడారు 1922లో కలకత్తా పోయి అగ్గిపెట్టెల పని నేర్చుకొని వచ్చినారు. ఇద్దరు నేర్చిన ఆ విద్య రానురాను శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతములకు పెద్ద పరిశ్రమయైనది. పెట్టెలు అంటించుట, పుల్లలు చట్రములలో పేర్చుట వంటి పనులు పల్లెల ఇండ్లకు పోయినవి. ఏజెంటు సామాను ఇచ్చి పోవును, చేసినది తీసికొని పోవును, లెక్కను బట్టి కూలి.

అందులో మేలు ఉన్నది. వానలు లేని ఏట ఎన్నో ఇండ్ల పొయ్యి వెలిగినది. కీడును ఉన్నది. పని దూరమునకు పోయిన కొలది అది చేయువారు కంటికి కనబడరు. బడికి పోవలసిన పిల్లలు అగ్గిపెట్టెల పనిలో కూర్చుండినారు. 1986లో బాలకార్మిక చట్టము వచ్చినది; 1996లో శివకాశి పిల్లలను గూర్చిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కంప్యూటరు పనియు ఇంటి పనియే. తెర మీద అక్షరములు కనబడును గాని, రాత్రి రెండు గంటల వరకు మేలుకొని వాటిని కూర్చిన కోడలు కనబడదు. కావున నడుమనున్నవాడు ఆమె పేరు, పని గంటలు, ముట్టవలసిన డబ్బు తన పుస్తకములో వ్రాయవలెను. ఒంటిగా చేయువాడు తన మాట నిలుపుకొన్న చాలును. ఏజెన్సీ పెట్టినవాడు తనను నమ్మినవారందరికిని ఇచ్చిన మాట నిలుపవలెను.

డబ్బు సంగతియు చెప్పవలెను. గత ఏట ఒక దూరపు ఖాతాదారు ఆ యువకునికి మూడు నెలలు డబ్బు నిలిపినారు. నాలుగు ఇండ్లలోను పాలవానికి, బడికి ఇయ్యవలసిన సొమ్ము ఆగినది. అతడు చెల్లెలి పెండ్లికి దాచినదానిలో నుండి వారికి ముట్టజెప్పినాడు. మంచివాడు గనుక ఇచ్చినాడు. కాని మంచితనము ఒక్కదానిపై వ్యాపారము నిలువదు.

విరుదునగరు వర్తకులు మహమై అని తమ వ్యాపారములో కొంత భాగము ఉమ్మడి నిధికి తీసిపెట్టినారు. ఇండ్లలో పిడికెడు బియ్యము తీసిపెట్టినారు. అట్లు నడచిన క్షత్రియ విద్యాశాలలోనే కామరాజుగారు చదువుకొన్నారు. మన యువకులును ప్రతి బిల్లులో పదవ వంతు వేరుగ ఉంచి, రెండు నెలల ప్రతిఫలమునకు సరిపడు నిధి చేసికొనవలెను. పెద్ద పనికి మూడవ వంతు ముందుగా తీసికొనవలెను.

చట్టమును తోడున్నది. 2020 నుండి ఉన్న ఉద్యం నమోదుకు రుసుము లేదు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టము క్రింద, నమోదైన చిన్న సంస్థకు కొనుగోలుదారు వ్రాతపూర్వక ఒప్పందము ఉన్నచో గరిష్ఠముగా 45 దినములలో, లేనిచో 15 దినములలో డబ్బు చెల్లింపవలెను. మీరినచో వడ్డీ ఇయ్యవలెను. పరదేశపు ఖాతాదారుపై ఈ చట్టము పనిచేయదు గనుక అక్కడ ముందు సొమ్మే శరణ్యము. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న ప్రయోజనమేమి?

మరియొక మాట. నాలుగు బిల్లులు రాగానే గది అద్దెకు తీసికొని, బోర్డు కట్టి, పదిమందిని చేర్చుకొనువారు ఉన్నారు. తాను దూర సందు లేదు, మెడకో డోలు! మూడు నెలలు విడువక పని వచ్చిన తరువాతనే ఇంకొక మనిషి.

పల్లెలో ఇట్టి పని సాగునా అని పెద్దలు అడుగుచున్నారు. విరుదునగరు నుండి శివకాశి, శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయము మీదుగా పోవు లైనులో తెన్‌కాశి ఉన్నది. దాని చెంత మత్తళంపారై అను పల్లెలో 2011లో జోహో సంస్థ కార్యాలయము తెరచినది. పెద్ద సంస్థయే పల్లెకు వచ్చినప్పుడు, మన చిన్న సంస్థ ఊరు విడువవలసిన పని లేదు.

సంఘమువారికి రెండు విన్నపములు. ఎవరికి ఏ పని వచ్చునో తెలుపు పుస్తకమొకటి మన గదిలో పెట్టవలెను. ఆదివారములందు ఒక బల్ల, ఒక కంప్యూటరు ఇచ్చినచో, ఇంట చేయు ఆడపడుచులు అక్కడ కలిసికొని ఒకరి పని ఒకరు సరిచూచుకొందురు. ఫోనులో గొంతు మాత్రమే ఎరిగినవారు ముఖము చూచుకొందురు. ఎవరికి ఎంత ముట్టినది, ఎవరికి ముట్టలేదు అన్నదియు అక్కడ తెలియును.

పిల్లలు వేషములు వేసికొని తొందరపడుచున్నారు. వారికి లైన్ క్లియర్ ఇచ్చి మేము సెలవు తీసికొందుము.