క్లబ్బు రిజిస్టరు ఎవరు రాస్తారు?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

యువత, క్రీడలు అనే అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు కోరారు. ఆటల వల్ల ఆరోగ్యం, క్రమశిక్షణ వస్తాయని పోయిన ఏడాది ఇదే వేదిక మీద చెప్పారు, బాగా చెప్పారు. నేను అంతకంటే చిన్న విషయం తీసుకుంటాను. మన సంఘం ఏటా బంతులూ జెర్సీలూ ఇచ్చి ఆదుకుంటున్న మొహల్లా ఫుట్‌బాల్ క్లబ్బుకు వచ్చే నెల నుంచి సెక్రటరీ లేరు. పదిహేడేళ్ళుగా ఆ పని చేసిన పెద్దమనిషి ఇక తన వల్ల కాదన్నారు. ఆరోగ్యం బాగాలేదు, అల్లాహ్ ఆయనకు షిఫా ప్రసాదించుగాక. ఆ స్థానంలోకి ఎవరూ రావడం లేదు. మూడు సమావేశాలు పెట్టారు. మూడుసార్లూ టీ తాగి లేచారు.

సెక్రటరీ లేకపోతే పిల్లలు ఆడుకోలేరా అని కొందరు అడిగారు. అస్ర్ నమాజ్ తరువాత నుంచి మగ్రిబ్ దాకా రోజూ అరవై మంది పిల్లలు ఆడుతున్న ఆ మైదానం మనది కాదు, బడిది. ఏటా సెక్రటరీ సంతకంతో ఉత్తరం వెళితేనే హెడ్మాస్టరుగారు గేటు తాళం ఇస్తారు. తెనాలిలోనో మంగళగిరిలోనో టోర్నమెంటు ఉందంటే ఎంట్రీ ఫారం నింపాలి, ఫీజు కట్టాలి, ఒక్కో పిల్లవాడి జనన ధ్రువపత్రం జతచేయాలి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు ఉంటేనే సొసైటీ రిజిస్టరు అవుతుంది. సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లోపు కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు చేరాలి. బ్యాంకులో సంతకం మార్చాలన్నా తీర్మానం రాసిన పుస్తకం కావాలి. పిల్లలకు ఇవేవీ తెలియవు, తెలియాల్సిన పనీ లేదు. ఒకరోజు గేటుకు తాళం వేసి ఉన్నప్పుడు మాత్రం తెలుస్తుంది. ఆ గంటన్నర వాళ్ళు ఎక్కడ గడుపుతారో, ఏ బడ్డీకొట్టు వెనక ఏం దొరుకుతోందో ఇక్కడున్న తల్లిదండ్రులకు నేను చెప్పాలా?

"ఈ కాలం కుర్రాళ్ళకు ఖిద్మత్ చేసే గుణం పోయింది సాబ్" అని ఒక పెద్దాయన నాతో అన్నారు. ఈ మాట నేను ఒప్పుకోను. రంజాన్‌లో ఇఫ్తారు వేళ మసీదులో చూడండి. ఖర్జూరాలు పంచేవాళ్ళు, గంజి పోసేవాళ్ళు, గ్లాసులు కడిగేవాళ్ళు, దస్తర్‌ఖాన్ ఎత్తేవాళ్ళు, అందరూ ఆ కుర్రాళ్ళే. ఇజ్తెమా జరిగితే ఎండలో నిలబడి బండ్లు సర్దేది వాళ్ళే. మొహల్లాలో అర్ధరాత్రి జనాజా లేస్తే పిలవకుండానే భుజం పట్టేది వాళ్ళే. మరి అదే కుర్రవాణ్ణి క్లబ్బు జాయింట్ సెక్రటరీగా ఉండమంటే ఫోను ఎత్తడం మానేస్తాడు. ఎందుకని?

గంజి పోసేవాడికి తన పని ఏమిటో తెలుసు, ఎప్పుడు మొదలవుతుందో తెలుసు, మగ్రిబ్ జమాత్ నిలబడేసరికి అయిపోతుందనీ తెలుసు. కమిటీలో పనేమిటో ఎవరూ చెప్పరు. ఎప్పుడు అయిపోతుందో అసలే చెప్పరు. పైగా కళ్ళెదుట ఒక ఉదాహరణ ఉంది: పదిహేడేళ్ళ క్రితం ఒకాయన "సరే" అన్నారు, జబ్బు చేసేదాకా ఆయనను ఎవరూ వదల్లేదు. అది చూసిన కుర్రవాడు భయపడ్డాడంటే తెలివైనవాడనే నేను అనుకుంటాను.

జుమా నమాజ్ తరువాత ప్రకటన చేయించారు, "ఆసక్తి ఉన్నవారు పేర్లు ఇవ్వగలరు" అని. ఒక్క పేరూ రాలేదు. ఇందులో మన పెంపకం కూడా ఉంది. పదవిని కోరుకోవద్దని దైవప్రవక్త (స) అబ్దుర్రహ్మాన్ బిన్ సముర (రజి)కు చేసిన హితవు మనలో చాలామంది విన్నదే. అడిగి తీసుకున్నవాణ్ణి దానికే వదిలేయడం జరుగుతుందని, అడగకుండా వచ్చినవాడికి సహాయం అందుతుందని ఆ హదీసు భావం. ఇది మనసులో నాటుకున్న మనిషి ప్రకటన విని చెయ్యి ఎత్తడు. చెయ్యి ఎత్తేవాళ్ళు ఎవరో, ఎందుకు ఎత్తుతారో మన పట్టణంలో సంఘాలు నడిపినవారికి తెలియనిది కాదు, ఆ ముచ్చట ఇక్కడ వద్దు.

హజ్రత్ యూసుఫ్ (అ) గాథ కూడా మనకు తెలుసు. దేశపు ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమని ఆయన తానే రాజును అడిగారు, దాన్ని కాపాడగలననీ ఆ విద్య తనకు తెలుసుననీ చెప్పుకున్నారు. పదవి మీద మోజుతో అడగటం వేరు, ఆ పని చేయగలవాడు మరొకడు లేనప్పుడు బాధ్యతగా ముందుకు రావడం వేరు అని ధర్మవేత్తలు ఈ రెంటినీ సమన్వయం చేశారు. మన మధ్య లెక్కలు తెలిసినవారు, రిజిస్ట్రారు ఆఫీసు దారి తెలిసినవారు ఉన్నారు. వాళ్ళు తమంతట తాము ముందుకు రాకపోతే వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి అడగవలసింది మనం.

అలా వెళ్ళి అడిగాం. ముందు ఒక పని చేశాం. నెల రోజులు సెక్రటరీగారి పక్కన ఒక కుర్రవాణ్ణి కూర్చోబెట్టి, ఆయన చేసే ప్రతి పనీ నోటుబుక్కులో రాయించాం. ఉత్తరాలు, రిజిస్టరు, రశీదు పుస్తకం, ఇవి సరే. వాటితోపాటు బంతులకు గాలి కొట్టించడం, మైదానంలో సున్నంతో గీతలు వేయించడం, మందుల పెట్టెలో దూది అయిపోతే తేవడం, టోర్నమెంటుకు వ్యాను మాట్లాడటం, ఇంటికి ఆలస్యంగా వచ్చాడేమని ఫోను చేసే తల్లులకు జవాబు చెప్పడం, ఓడిపోయి అలిగిన పిల్లవాణ్ణి ఇంటికి వెళ్ళి బుజ్జగించి తేవడం. పేజీలు నిండాయి. అందులో సగం పనులకు సెక్రటరీ అక్కర్లేదు. అవి ఆయన మీద పడ్డాయి, అంతే.

గేటు దగ్గర రోజూ స్కూటీ మీద కూర్చుని మనవడి కోసం ఎదురుచూసే ఒక ఖాలా ఉన్నారు. అరవై మంది పిల్లల పేర్లూ, ఎవరి ఇల్లు ఎక్కడో, ఎవరికి ఆయాసం ఉందో ఆమెకు తెలుసు. హాజరు పట్టీ మీరు చూడాలి ఖాలా అన్నాను. "నాకు ఫుట్‌బాల్ ఏం తెలుసు బేటా, నన్నెందుకు లాగుతావు" అన్నారు. బంతి సంగతి కోచ్ చూసుకుంటాడు, పిల్లల సంగతి మీకంటే ఎవరికీ తెలియదు అన్నాను. కాసేపు ఆలోచించి ఒక షరతు పెట్టారు. "మీరు ఇషా తరువాత టీ అంగడి దగ్గర మీటింగులు పెడతారు. పదకొండింటికి లేస్తారు. అక్కడికి నేను రాను. ఆదివారం అస్ర్ తరువాత పెట్టుకోండి, వస్తాను."

క్లబ్బులో ఆడవాళ్ళెవరూ ముందుకు రారని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాం. వేళ మార్చుకుందామన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఇప్పుడు ఆదివారం గంటసేపు, బడి వరండాలో కూర్చుంటున్నాం. ఖాలాతోపాటు మరో ఇద్దరు తల్లులు వస్తున్నారు. పొద్దున షట్టరు తీయాల్సిన కుర్రాళ్ళు, పరీక్షలున్న విద్యార్థులు కూడా వస్తున్నారు. రాత్రి మీటింగు వాళ్ళకూ అడ్డమేనని అప్పుడు బయటపడింది.

జిరాక్సు షాపు సోదరుడు ధ్రువపత్రాల ఫైలు తీసుకున్నాడు. ఎలాగూ ఆ కాగితాలన్నీ అతని దగ్గరికే వస్తాయి. నాలుగేళ్ళ క్రితం దాకా మన జట్టులో గోల్‌కీపరుగా ఆడిన అబ్బాయి చిన్నపిల్లల జట్టుకు, మందుల పెట్టెకు బాధ్యుడు. అందరికంటే కష్టమైంది కోశాధికారి. "డబ్బు సంగతి వద్దు భాయి, రేపు ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు" అని నలుగురు తప్పుకున్నారు. వాళ్ళ భయం ఉత్తది కాదు. గీబత్ మన సంఘాలను తిన్నంతగా చెద పురుగు కూడా తినలేదు. అప్పు లావాదేవీలు రాసిపెట్టుకోమని, సాక్షులను పెట్టుకోమని చెప్పే బఖరా సూరాలోని ఆయతు దివ్యఖుర్ఆన్‌లోనే అతి పెద్ద ఆయతు. నమ్మకం ఉన్నచోట రాత ఎందుకని మనం అనుకుంటాం గానీ, రాత ఉంటే ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ ఇద్దరికీ రక్షణ. అందుకని రెండు సంతకాలు లేకుండా బ్యాంకులో రూపాయి కదలకూడదని, రశీదు లేకుండా చందా తీసుకోకూడదని, ప్రతి నెలా మొదటి జుమాకు జమాఖర్చుల కాగితం నోటీసు బోర్డు మీద అంటించాలని తీర్మానం రాశాం. ఆ తీర్మానం చేతిలో పెట్టుకుని వెళితే రిటైరైన బ్యాంకు గుమాస్తా ఒకరు ఒప్పుకున్నారు. "ఇది ముందే ఉంటే ముందే వచ్చేవాణ్ణి" అన్నారు.

అడిగేటప్పుడు ఒక మాట మాత్రం అనవద్దని మా వాళ్ళకు గట్టిగా చెప్పాను: "పనేం ఉండదు సార్, ఊరికే పేరు కోసం." ఈ మాటకు లొంగి వచ్చినవాడు మూడో నెలలో మాయమవుతాడు. పని ఉంటుంది, వారానికి రెండు గంటలు పడుతుంది, ఏప్రిల్‌లో టోర్నమెంట్లప్పుడు ఇంకా ఎక్కువ అని నిజం చెప్పాలి. గడువు కూడా చెప్పాలి. రెండేళ్ళు. చివరి ఆరు నెలలు పక్కన ఒక నాయబ్ ఉండి పని నేర్చుకుంటాడు. రెండేళ్ళు నిండాక దువాతో, శాలువాతో సాగనంపుతాం, మళ్ళీ ఉండమని బతిమాలం.

ఇక్కడ హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్‌ను తలుచుకోవాలి. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూసి మన పిల్లలు ఆయన పేరు చెప్పుకుంటున్నారు. వృత్తికి బడి పంతులు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దారు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకుంది, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్ళీ స్వర్ణం తెచ్చింది. అప్పటికే ఆయనను క్యాన్సర్ తొలిచేస్తోంది, మరుసటి ఏడు కన్నుమూశారు. ఈ కీర్తి వెనక చాలామంది గమనించని సంగతి, ఆయన ఏళ్ళ తరబడి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ కూడా. అంత గొప్ప కోచ్ ఆ కుర్చీని చిన్నతనంగా భావించలేదు.

అలాగని మన మొహల్లాకూ ఒక రహీం సాబ్ వస్తారని కూర్చుంటే కుదరదు. అలాంటివారు తరానికి ఒకరు. అయినా అన్నీ ఒక్కరే మోయడం క్లబ్బుకు మంచిది కాదని మన సెక్రటరీగారి పదిహేడేళ్ళే చెబుతున్నాయి. ఆయన మంచం పట్టిన వారం రోజులు రశీదు పుస్తకం ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు.

ఇప్పటికి అయిదు బాధ్యతలు నిండాయి, అల్‌హందులిల్లాహ్. సెక్రటరీ కుర్చీ ఇంకా ఖాళీ. కానీ ఇప్పుడు అది మునుపటి కుర్చీ కాదు. ఉత్తరాలు, రిజిస్టరు, నెలకొక సమావేశం, ఇంతే మిగిలింది. హెడ్మాస్టరుగారికి ఉత్తరం జూన్ మొదటి వారంలో వెళ్ళాలి, అందుకే తొందర. ఇంకా రెండు ఖాళీలున్నాయి, టోర్నమెంట్ల వ్యవహారం ఒకటి, వ్యాను, ప్రయాణాల ఏర్పాట్లు ఒకటి.

సంఘం పెద్దలకు ఒక విన్నపం. ఈ ఏడు జెర్సీలు ఇవ్వకపోయినా పిల్లలు పాతవి వేసుకుని ఆడతారు. మీ కార్యవర్గంలో ఆఫీసు పని తెలిసిన ఒకరిని రెండేళ్ళపాటు మాకు ఇవ్వండి.

ఎవరైనా ముందుకు రండి అని నేను ఈ మైకులో అడగటం లేదు. జేబులో ఎనిమిది పేర్లున్న చీటీ ఉంది, ఎనిమిది మందీ ఈ హాల్లోనే ఉన్నారు. జొహ్ర్ తరువాత భోజనాల దగ్గర ఒక్కొక్కరి పక్కన వచ్చి కూర్చుంటాను. బిర్యానీ అయ్యేదాకా లేవకండి, అంతే నా కోరిక.