తర్పణంలో స్నేహితుడు

పదో తరగతి బ్యాచ్‌ల ఆత్మీయ సమ్మేళనాల్లో పోయినవాళ్ల కోసం అందరూ లేచి ఒక్క నిమిషం మౌనం పాటిస్తారు. ఆ తరువాత గురువులకు శాలువాలు, ఆపైన భోజనాలు. మా సమ్మేళనంలో ఆ నిమిషం నాకు చాలలేదు. అయిదేళ్లు నా పక్కన బెంచీ మీద కూర్చున్నవాడు అంతలో ఎలా ఇముడుతాడు?

మన పెద్దలు స్నేహితుడికి వేరే చోటు ఉంచారు. భాద్రపద బహుళ పాడ్యమి నుంచి అమావాస్య దాకా మహాలయ పక్షం. అప్పుడు తర్పణం తాతతండ్రులతో, మేనమామలతో ఆగదు. గురువుకూ స్నేహితుడికీ కూడా నువ్వులు, నీళ్లు వదులుతారు. రక్తసంబంధం లేనివాడు ఆ వరుసలోకి రావడం నాకెంతో గొప్పగా తోస్తుంది. తెలంగాణలో ఆ అమావాస్యే పెత్రమాస. పొద్దున పెద్దల పేరిట బియ్యం, కూరగాయలు ఇచ్చి, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు.

ఆ నిమిషంలో ఇమడని నా బెంచీ స్నేహితుడి సంగతి ఒకటి చెబుతాను. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టుమచ్చలు రాస్తారు కదా. వాటి కోసం మాస్టారు మమ్మల్ని వరుసలో నిలబెట్టి వెతికారు. మావాడికి రెండో మచ్చ దొరక్క, మోకాలి మీది గాటు రాసుకున్నారు. చింతచెట్టు మీంచి పడ్డప్పటి గాటు అది. ముందు ఆ కొమ్మ ఎక్కి, వాణ్ణి పిలిచింది నేనే.

ఆ సంగతి మొన్ననే వాళ్లమ్మగారికి చెప్పాను. ఆవిడ నా చెయ్యి వదలకుండా, "ఇంకా చెప్పు నాయనా" అన్నారు.